అతిథి ఇంజన్‌ని చూద్దామని వెళ్తే డీజిల్ ఎదురొచ్చింది... గాలా టికెట్లు కొనడం దండగేనా?

లీడ్స్‌వాసి
మూడు నెలల ముందే టికెట్లు కొన్నాను. మా ఇంటి నుంచి రెండు గంటల దూరంలో ఉన్న ఒక హెరిటేజ్ రైల్వేలో స్టీమ్ గాలా. పోస్టర్ మీద సగం మేర ఒకే ఒక్క ఇంజన్ ఫొటో. వేరే రైల్వే నుంచి మూడు రోజుల కోసం వస్తోందని రాశారు. మా పాపకి ఆరేళ్లు. ఆ ఫొటో ప్రింటు తీయించుకుని మంచం పక్కన గోడకి అంటించుకుంది. రోజూ పడుకునే ముందు "ఇంకా ఎన్ని రోజులుంది నాన్నా" అని ఒకటే గోల.

పోయిన శనివారం తెల్లవారుజామున ఐదింటికి లేచి, పులిహోర కట్టుకుని బయల్దేరాం. ప్లాట్‌ఫాం మీద అందరితో పాటు నిలబడ్డాం. బండి మలుపు తిరిగి వచ్చింది. ముందున్నది డీజిల్ ఇంజన్. పాప నా మొహం చూసింది, మళ్లీ బండి వైపు చూసింది. ఏడవను కూడా లేదు. "మరి అదేది?" అంది, అంతే. ముందు రోజు సాయంత్రం ఆ ఇంజన్‌కి యాక్సిల్ బాక్స్ వేడెక్కిందట, షెడ్డులో పెట్టేశారట. డబ్బు వాపసు ఇవ్వరట. "ఇంజన్లు మారవచ్చు" అని టికెట్ వెనక చిన్న అక్షరాల్లో ఉందట.

నాకు ఇంకా మనసు కుదుట పడలేదు. అతిథి ఇంజన్ల కోసం ఇలా పనిగట్టుకుని వెళ్లడం దండగేనా? మీలో ఎవరికైనా ఇలా జరిగిందా?

స్వాతి_మిడ్‌ల్యాండ్స్
అయ్యో పాప! మాకు రెండుసార్లు జరిగింది. రెండోసారి మా పెద్దాడు స్టేషన్ మాస్టర్ దగ్గరికే వెళ్లి అడిగాడు. ఆయన పాపం చాలాసేపు ఓపిగ్గా చెప్పి, చివరికి వాడి చేత బండికి పచ్చజెండా ఊపించాడు. ఇప్పటికీ అదే చెప్పుకుంటాడు.

కాజీపేట_కుర్రాడు
గాలా అంటే ఏమిటండీ? అతిథి ఇంజన్ అంటే మన ఇళ్లకి చుట్టాలు వచ్చినట్టా? మా ఊళ్లో డీజిల్, ఎలక్ట్రిక్ షెడ్లు చూస్తూ పెరిగాను. బొగ్గు ఇంజన్ బొమ్మల్లో తప్ప చూడలేదు.

బాయిలర్ బాబాయ్
కాజీపేట తమ్ముడూ, అచ్చం చుట్టాలు వచ్చినట్టే. బ్రిటిష్ రైల్వే 1968 ఆగస్టులో ఆవిరి ఇంజన్లని ఆపేసింది. అంతకు ముందే 1951లో వేల్స్‌లో టాలిథ్లిన్ రైల్వేని, 1960లో సస్సెక్స్‌లో బ్లూబెల్ రైల్వేని వాలంటీర్లు నడపడం మొదలుపెట్టారు. ఇప్పుడు ఇక్కడ అలాంటి లైన్లు పదుల సంఖ్యలో ఉన్నాయి. ఒక్కో లైనుకి సొంత ఇంజన్లు కొన్ని ఉంటాయి. ఏడాదికి ఒకటి రెండుసార్లు వేరే లైన్ల నుంచి ఇంజన్లని తెప్పించి, రెండు మూడు రోజులు ఊపిరాడకుండా బండ్లు నడుపుతారు. అదే గాలా.

నేను ఒక చిన్న రైల్వేలో శని, ఆదివారాలు షెడ్డు పని చేస్తాను, జీతం లేదు. ఎనిమిదేళ్లయింది. అందుకే లీడ్స్‌వాసి గారికి ఒక మాట. యాక్సిల్ బాక్స్ అంటే ఇరుసు కూర్చుని తిరిగే చోటు. లోపల వైట్ మెటల్ అనే మెత్తటి లోహం పూత ఉంటుంది. నూనె సరిగా అందకపోతే అది వేడెక్కి కరిగిపోతుంది. బండి ఆగిన ప్రతి చోటా దిగి వెళ్లి, ఆ పెట్టె మీద మెల్లగా అరచెయ్యి వెనక వైపు ఆనించి చూస్తాం. చెయ్యి ఆనించి ఉంచగలిగితే సరే. చురుక్కుమని వెనక్కి లాక్కుంటే ఇక ఆ రోజుకి ఆ ఇంజన్ కదలదు. మొండికేసి నడిపితే ఇరుసు గీతలు పడుతుంది, చక్రాలు దింపి బాగు చెయ్యాలి, నెలలు పడుతుంది. ఆ సాయంత్రం ఆపిన వాళ్లు మంచి పని చేశారు.

సొంతషెడ్డు
ఇంజన్ ఆపడం గురించి ఎవరికీ పేచీ లేదు బాబాయ్. నా పేచీ అసలు ఈ పద్ధతి మీదే. సొంత ఇంజన్లు షెడ్డులో బాగుకి నోచుకోక తుప్పు పడుతుంటే, పేరున్న ఇంజన్‌ని లారీ మీద తెప్పించడానికి డబ్బు పోస్తున్నారు. ఆ లైనుకి, ఆ కొండకి, ఆ స్టేషన్లకి అలవాటైన ఇంజన్ ఒకటుంటుంది. దాన్ని చూడ్డానికి రావాలి జనం. బ్లూబెల్‌కి 1960లో మొట్టమొదట వచ్చిన ఇంజన్ స్టెప్నీ. 1875లో బ్రైటన్‌లో తయారైంది. ఆ లైను పేరు చెప్పగానే అదే గుర్తొస్తుంది. అతిథి ఎంత గొప్పదైనా ఆ బంధం రాదు.

కాజీపేట_కుర్రాడు
స్టెప్నీయా? మన కారు డిక్కీలో ఉండేదా? 😀

సొంతషెడ్డు
కాదు తమ్ముడూ 😀 ఇంజన్‌కి పెట్టింది లండన్‌లోని ఒక పేట పేరు. మనం అదనపు చక్రాన్ని స్టెప్నీ అనేది వేల్స్‌లోని స్లనెత్లీ ఊళ్లో స్టెప్నీ వీధి వల్ల. ఆ చక్రాలు చేసిన కంపెనీ ఆ వీధిలో ఉండేది. రెండూ వేరు.

పట్టాలపిచ్చి
సొంతషెడ్డు గారితో నేను ఒప్పుకోను. నేను ఫొటోలు తీస్తాను. ఒకే ఇంజన్ ఒకే లైను మీద ఇరవయ్యేళ్లు తిరిగితే చూసేవాళ్లు తగ్గిపోతారు, డబ్బు రాదు, అప్పుడు సొంత ఇంజన్ బాగుకి ఎక్కడి నుంచి తెస్తారు? గాలా మూడు రోజుల్లో వచ్చే జనాన్ని ఒకసారి చూడండి. టీ కొట్టు దగ్గర క్యూ ప్లాట్‌ఫాం చివరిదాకా ఉంటుంది.

పైగా నార్త్ యార్క్‌షైర్ మూర్స్ లాంటి లైను తీసుకోండి. గ్రోస్‌మంట్ నుంచి గోత్‌లాండ్ వరకు 1:49 ఎక్కుడు. 49 అడుగులు ముందుకెళ్తే ఒక అడుగు పైకి. రైలుకి అది గోడెక్కినట్టే. ఆ ఎక్కుడు మీద కొత్త ఇంజన్ ఎలా లాగుతుందో, కూత ఎలా ఉంటుందో, పొగ గొట్టం దగ్గర ఆ దబ్ దబ్ దెబ్బలు ఎంత దగ్గర దగ్గరగా పడతాయో వినాలనే కదా పొద్దున్నే వెళ్లి కంచె పక్కన నిలబడేది!

స్వాతి_మిడ్‌ల్యాండ్స్
కంచె పక్కన అంటే కంచె బయట అని గట్టిగా చెప్పండి. 2016లో ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ అనే పేరున్న ఇంజన్ బాగై లండన్ నుంచి యార్క్‌కి వస్తుంటే జనం పట్టాల మీదకే వచ్చేశారు, బండి ఆపాల్సి వచ్చింది. పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లం మనం, జాగ్రత్త. ఇంకో మాట, కిటికీలోంచి తల బయట పెట్టి ముందుకి చూస్తే కంట్లో నుసి పడుతుంది. మా చిన్నదానికి పడి, ఆ రోజంతా కన్ను నులుముకుంటూనే ఉంది.

బాయిలర్ బాబాయ్
స్కాట్స్‌మన్ ప్రస్తావన వచ్చింది కాబట్టి, అతిథి ఇంజన్లు ఎందుకు తిరగాలో దాని కథే చెబుతుంది. 1923లో డాంకాస్టర్‌లో పుట్టింది. 1934లో గంటకి 100 మైళ్ల వేగం అందుకుంది. 1963లో అలన్ పెగ్లర్ అనే ఆయన సొంతంగా కొనుక్కోకపోతే తుక్కు కింద పోయేది. 1969లో అమెరికా వెళ్లింది, 1988లో ఆస్ట్రేలియా వెళ్లింది. 2004లో యార్క్‌లోని నేషనల్ రైల్వే మ్యూజియం కొంది, జనం చందాలు వేసుకుని మరీ కొనిపించారు. మ్యూజియంలో తాడు కట్టి నిలబెడితే అందరూ ఒకసారి చూసి వెళ్లిపోతారు. ఊరూరా తిరిగితేనే, ఆవిరి మీద తిరిగితేనే, అది ఇంజన్.

సొంతషెడ్డు
స్కాట్స్‌మన్‌కి నేనూ చేతులెత్తి దండం పెడతాను బాబాయ్. కానీ బాయిలర్‌కి ఇచ్చే సర్టిఫికెట్ మామూలుగా పదేళ్లే. ఆ పదేళ్లలో లారీల మీద ఊళ్లు తిరగడానికే ఎన్ని నెలలు పోతాయి? ఆ తర్వాత బాయిలర్ ఎత్తి, గొట్టాలన్నీ మార్చి, నీళ్ల ఒత్తిడితో పరీక్ష పెట్టి, ఆవిరితో పరీక్ష పెట్టి మళ్లీ కూర్చోబెట్టాలి. ఆ ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? ఇంజన్‌ని అరువిచ్చిన రైల్వేకి, గాలా నాడు టికెట్ కొన్న ఈ పాపకి సంబంధం ఏముంది?

బాయిలర్ బాబాయ్
సంబంధం ఉంది. అరువు తీసుకున్న రైల్వే ఇంజన్ సొంతదార్లకి అద్దె కడుతుంది. ఆ అద్దె డబ్బే పదేళ్ల తర్వాత బాగుకి పనికొస్తుంది. అందుకే అతిథిగా పంపిస్తారు. పాప టికెట్ డబ్బులో కొంత, ఏదో ఒకనాడు ఏదో ఒక ఇంజన్ బాయిలర్ గొట్టంగా మారుతుంది. బొగ్గు సంగతి కూడా చూడండి. వేల్స్‌లోని ఫోస్-ఎ-ఫ్రాన్ గని 2023లో మూతపడింది. మా లాంటి వాళ్లు ఎక్కువగా వాడింది ఆ బొగ్గే. ఇప్పుడు ఓడల్లో తెప్పించుకోవాలి. బయటి బొగ్గు కొన్ని ఇంజన్లకి పడదు, చిట్టెం కట్టి నిప్పు కింద ఉండే జల్లెడలకి అతుక్కుంటుంది. సాయంత్రం ఆ చిట్టెం ఊడబెరకడానికి గంట పడుతుంది నాకు, భుజాలు పడిపోతాయి.

కాజీపేట_కుర్రాడు
లారీ మీద అన్నారు. అంత ఇంజన్ లారీ మీదా? పట్టాల మీద నడుపుకుంటూ తేలేరా?

బాయిలర్ బాబాయ్
మెయిన్ లైను మీద నడవాలంటే ఇంజన్‌లో దానికి తగ్గ భద్రతా పరికరాలు, అనుమతులు ఉండాలి. కొన్నిటికే ఉన్నాయి. మిగతావి రోడ్డు మీదే. బొగ్గు, నీళ్లు మోసే టెండర్‌ని విడదీసి ఒక లారీ మీద, ఇంజన్‌ని ఇంకో దాని మీద. బోలెడు చక్రాలున్న, నేలకి ఆనుకున్నంత కిందికి ఉండే లారీలు. ముందే దారిలో ఏ వంతెన కింద పడుతుంది, ఏ మలుపు తిరుగుతుంది అని కొలతలు తీస్తారు. దింపాక మా రైల్వేకి సరిపోతుందో లేదో చూడాలి. ప్లాట్‌ఫాం అంచుకి సిలిండర్ తగులుతుందా, మా వంతెన ఆ బరువు మోస్తుందా, మా పెట్టెలకున్న వాక్యూం బ్రేకుతో కలుస్తుందా... అన్నీ చూసి సంతకం పెట్టాకే నిప్పు.

నిప్పు కూడా ఒకేసారి రాజెయ్యరు. ముందు రోజే చిన్న మంట పెట్టి మెల్లగా వెచ్చబెడతారు. చల్లటి బాయిలర్‌ని తొందరపెడితే రేకులు ఒకచోట సాగి ఇంకోచోట సాగక అతుకులు కారతాయి. మా షెడ్డుకి అతిథి ఇంజన్ వచ్చిన రాత్రి ఎవరూ సరిగా నిద్రపోరు. కూతురు పెళ్లిలో వియ్యాలవారు దిగినట్టు ఉంటుంది.

కూనూర్ కూత
మీరందరూ ఇంగ్లండ్ ఇంగ్లండ్ అంటున్నారు గానీ మన నీలగిరి కొండ బండి ఎక్కారా ఎవరైనా? నేను కోయంబత్తూరులో ఉంటాను. మేట్టుపాళయం నుంచి ఊటీ 46 కిలోమీటర్లు, 208 మలుపులు, 16 సొరంగాలు, 250 వంతెనలు. 1899లో కూనూర్ దాకా, 1908లో ఊటీ దాకా వేశారు. 2005లో యునెస్కో గుర్తింపు వచ్చింది. కల్లార్ దాటాక పట్టాల మధ్య రంపంలా పళ్లున్న పట్టీ ఉంటుంది, ఇంజన్ పళ్ల చక్రం దాన్ని పట్టుకుని ఎక్కుతుంది, 1:12 ఎక్కుడు. అంటే మీ 1:49కి నాలుగు రెట్లు! ఇంజన్ ముందు ఉండి లాగదు, వెనకాల కింది వైపు ఉండి పెట్టెల్ని పైకి నెడుతుంది. పెట్టె పెట్టెకీ ఒక బ్రేక్‌మ్యాన్ నిలబడి ఉంటాడు.

అక్కడ అతిథి ఇంజన్ మాటే లేదు. ఆ పళ్ల పట్టీ మీద ఎక్స్ క్లాస్ అనే రకం ఇంజన్ తప్ప వేరేది నడవదు. స్విట్జర్లాండ్‌లోని వింటర్‌థూర్‌లో చేసిన డిజైన్ అది. పాతవి అరిగిపోతే తిరుచ్చి పొన్‌మలై వర్క్‌షాపులో కొత్తవి చేశారు. సొంతషెడ్డు గారి మాటకి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

సొంతషెడ్డు
కూనూర్ గారూ, మీరు నా పక్షాన ఉన్నందుకు ఈసారి ఊటీ వస్తే మీకు కాఫీ నేను ఇప్పిస్తాను.

నేరోగేజ్ 610
ఆగండి. మన ఇంజనే ఇక్కడికి అతిథిగా వచ్చిన కథ ఉంది. డార్జిలింగ్ బి క్లాస్, 19వ నంబరు. తర్వాత ఇచ్చిన నంబరు 778. షార్ప్ స్టూవర్ట్ కంపెనీ 1889లో చేసింది. డెబ్బై ఏళ్ల పైచిలుకు ఆ కొండలెక్కి దిగి, 1960ల్లో అమెరికా చేరింది. ఆ తర్వాత ఏడ్రియన్ షూటర్ అనే ఆయన కొని ఇంగ్లండ్ తెచ్చి ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ఇంటి దగ్గరే పట్టాలు వేసి నడిపాడు. అక్కడి నుంచి అది వేల్స్‌లోని ఫెస్టినియాగ్ రైల్వేకి అతిథిగా వెళ్లింది. డార్జిలింగ్ పెట్టెల మాదిరిగా చేయించిన పెట్టెల్ని లాగింది.

డార్జిలింగ్ గేజ్, అంటే రెండు పట్టాల మధ్య దూరం, 2 అడుగులు, 610 మిల్లీమీటర్లు. ఫెస్టినియాగ్ గేజ్ 597. అర అంగుళం తేడా! ఆ అర అంగుళం గురించే మేం స్నేహితులం రెండు గంటలు వాదించుకున్నాం.

నేను దాన్ని దగ్గర నుంచి చూశాను. ముందు బఫర్ దగ్గర చిన్న అరుగులాంటి చోటు. డార్జిలింగ్‌లో అక్కడ ఇద్దరు కూర్చుని, జారే చోట పట్టాల మీద చేత్తో ఇసుక చల్లుతారు. ఇంజన్ మీద ముందు వైపు బొగ్గు పెట్టె, దాని మీద కూర్చుని బొగ్గు పగలగొట్టే మనిషి ఇంకొకడు. వేల్స్ వానలో ఆ అరుగు ఖాళీగా తడుస్తూ ఉంటే నాకు ఎందుకో గొంతు పట్టేసింది. కుర్సియాంగ్ బజారులో దుకాణాల గుమ్మాలు రాసుకుంటూ వెళ్లే బండి అది.

పట్టాలపిచ్చి
నేరోగేజ్ అన్నా, ఇది చదివాక ఈ రాత్రి నాకు నిద్ర పట్టదు.

కాజీపేట_కుర్రాడు
మరి మన దేశంలో ఇలా ఇంజన్లు ఒక చోటి నుంచి ఇంకో చోటికి ఎందుకు తిరగవు?

నేరోగేజ్ 610
మొదటి కారణం గేజ్. ఇక్కడ పెద్ద హెరిటేజ్ లైన్లు దాదాపు అన్నీ 1435 మిల్లీమీటర్లే, ఎక్కడి ఇంజన్ అయినా ఎక్కడికైనా వెళ్తుంది. మనకి బ్రాడ్ 1676, మీటర్ 1000, ఆపైన 762, 610. సిమ్లా ఇంజన్ డార్జిలింగ్‌లో నడవదు, డార్జిలింగ్‌ది నీలగిరిలో నడవదు. 610 గేజ్ కుదిరింది కాబట్టే డార్జిలింగ్ 794వ నంబరు ఇంజన్ మాథేరాన్ బండి ఉండే నేరల్‌కి చేరింది. ఇక బ్రాడ్‌గేజ్‌లో హర్యానాలోని రేవాడీ షెడ్డు ఉంది. డబ్ల్యూపీ రకం ఇంజన్ అక్బర్ అక్కడిదే. 1855 నాటి ఫెయిరీ క్వీన్ ఇంజన్‌ని కూడా 1997లో మళ్లీ పట్టాలెక్కించారు.

బిట్రగుంట మనవడు
ఈ చర్చ రెండు రోజులుగా చదువుతున్నాను, రాయకుండా ఉండలేకపోయాను. మా తాత బిట్రగుంట షెడ్డులో ఫైర్‌మ్యాన్. నెల్లూరు జిల్లా వాళ్లకి చెప్పక్కర్లేదు, ఒకప్పుడు ఆ ఊరంటే లోకో షెడ్డే. మద్రాసు, బెజవాడ మధ్య బండ్లకి అక్కడ ఇంజన్లు మార్చేవాళ్లు. తాత మధ్యాహ్నం క్యారేజీని ఫైర్‌బాక్స్ తలుపు పైన ఉండే అరుగు మీద పెట్టుకునేవాడట, చారు వేడిగా ఉండేదట. మా నాయనమ్మ రోజూ ఆయన చొక్కా బయటి రాయి మీద విడిగా ఉతికేది, ఇంట్లో గుడ్డలతో కలపనిచ్చేది కాదు.

తాత ఎప్పుడూ "అమెరికా ఇంజన్" అని ఒకటి చెప్పేవాడు. నేను కల్పన అనుకున్నాను. తర్వాత తెలిసింది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వాళ్లు చేసిన ఎస్160 రకం ఇంజన్లు రెండు వేలకి పైగా. వాటిలో 60 మన బ్రాడ్‌గేజ్‌కి వచ్చాయి, ఏడబ్ల్యూసీ అని పేరు పెట్టారు. ఏడబ్ల్యూడీ, ఏడబ్ల్యూఈ అని ఇంకా రకాలు కూడా వచ్చాయి. తాత చెప్పింది వీటిలో ఏదో ఒకటి అయి ఉంటుంది. అదే ఎస్160లు ఇప్పుడు ఇంగ్లండ్ హెరిటేజ్ లైన్ల మీద తిరుగుతున్నాయి కదా, ఎవరైనా చూశారా?

బాయిలర్ బాబాయ్
చూడడమే కాదు తమ్ముడూ, ఒక గాలాకి మా దగ్గరికి అతిథిగా వస్తే తుడిచాను కూడా. కూత వేరు. ఇంగ్లిష్ ఇంజన్లు పీక నొక్కినట్టు సన్నగా అరుస్తాయి, అది గొంతెత్తి లోయంతా నింపుతుంది. అలంకారం ఏమీ ఉండదు. గొట్టాలన్నీ బయటికే కనబడతాయి, ఏది చెడితే దాన్ని వెంటనే చేత్తో అందుకునేలా.

లీడ్స్‌వాసి
ఇన్ని సంగతులు వస్తాయని అనుకోలేదు. బాబాయ్ గారు యాక్సిల్ బాక్స్ గురించి రాసింది పాపకి చదివి వినిపించాను. "అంటే దానికి జ్వరం వచ్చిందా" అంది. అవునన్నాను. అప్పటి నుంచి కోపం పోయింది దానికి. నాకు మాత్రం పోస్టర్ మీద ఇంకా ఉంది. ముందు రోజు సాయంత్రమే తెలిసినప్పుడు టికెట్ కొన్నవాళ్లకి ఒక మెయిల్ పెట్టొచ్చు కదా?

బాయిలర్ బాబాయ్
ఆ మాట నిజం. దానికి నేను వాదించను. చెప్పి తీరాలి.

స్వాతి_మిడ్‌ల్యాండ్స్
నేను చేసేది చెబుతాను. గాలాకి టికెట్ ముందే కొనను, కొన్నా పిల్లలకి ఏ ఇంజనో చెప్పను. ముందు రాత్రి ఆ రైల్వే సోషల్ మీడియా పేజీ చూస్తాను, షెడ్డు వాళ్లు ఏ ఇంజన్ ఏ బండికో పెడతారు. రోజంతా తిరిగే టికెట్ తీసుకుని, షెడ్డు ఉన్న స్టేషన్‌లోనే దిగుతాను. జబ్బు పడ్డ ఇంజన్‌ని కూడా అక్కడ దగ్గర నుంచి చూడొచ్చు.

లీడ్స్‌వాసి
ఐదు వారాల తర్వాత రాస్తున్నాను. మా నాన్నగారు గూడూరు నుంచి వచ్చారు. బిట్రగుంట మనవడు గారు రాసింది చూపించాను. వెంటనే, "అక్కడ దొరుకుతుందా చూడు" అన్నారు. వెతికితే వేరే ఒక లైను మీద ఎస్160 అతిథిగా వస్తోందని తెలిసింది. స్వాతి గారు చెప్పినట్టు ముందు రాత్రి పేజీ చూసుకుని వెళ్లాం.

వచ్చింది. నాన్న ఏమీ మాట్లాడలేదు. టెండర్ పక్కకి వెళ్లి నిలబడి, ఊపిరి పీల్చి, "ఇదే వాసన రా" అన్నారు. తడి బొగ్గు, వేడి నూనె. చిన్నప్పుడు గూడూరు ప్లాట్‌ఫాం చివర నిలబడి ఇంజన్‌కి నీళ్లు పట్టడం చూసేవారట. డ్రైవర్ ఒక పెద్దావిడ. ఆయన వాలకం చూసి లోపలికి రమ్మంది. పాపని నేను ఎత్తి అందించాను. ఫైర్‌మ్యాన్ తలుపు తెరిచి రెండు పారల బొగ్గు వేశాడు. ఆ వెలుగులో తాత మొహం, మనవరాలి మొహం ఒకే రంగులో కనబడ్డాయి. దిగేటప్పుడు నాన్న చేతికి నూనె అంటితే తుడుచుకోమని ఆవిడ ఒక నూలు వేస్టు ఉండ ఇచ్చింది. ఆయన తుడుచుకోలేదు. జేబులో పెట్టుకున్నారు.

బిట్రగుంట మనవడు
లీడ్స్ అన్నా, మీ నాన్నగారితో ఒకసారి మాట్లాడించండి. తాత కూడా ఆ వేస్టు ఉండలే జేబులో వేసుకుని వచ్చేవాడు.

సొంతషెడ్డు
నా వాదన నాదే, కానీ ఈ ఒక్క అతిథికి నేనూ స్వాగతం చెబుతాను.

కూనూర్ కూత
నాన్నగారు తిరిగి వచ్చాక కూనూర్ తీసుకురండి. కాఫీ సొంతషెడ్డు గారిది, టికెట్లు నావి.

కాజీపేట_కుర్రాడు
లీడ్స్ అన్నా, ఆ పోస్టర్ ఇంజన్ ఏమైంది? జ్వరం తగ్గిందా?

లీడ్స్‌వాసి
చక్రాలు దింపారట తమ్ముడూ, ఇరుసు నున్నగా చేసి కొత్త మెటల్ పోస్తున్నారట. వచ్చే వేసవి గాలాకి మళ్లీ వస్తుందంటున్నారు. గోడ మీద ఫొటో తియ్యలేదు పాప. ఈసారి టికెట్లు మాత్రం ముందు రాత్రే కొంటాను.